ఆరో బానక్

గిడియన్ హాల్‌క్రో స్వెట్టర్లకి ఎనిమిదేళ్లుగా చేతులు లేవు.

అల్లేవాళ్లు లేక కాదు. అల్లిన చేతులు ఏడున్నర జతలు బీరువా అడుగు సొరుగులో మడతపెట్టి ఉన్నాయి. వాటిని తెచ్చి ఒంటికి కలిపి కుట్టే నాథుడే లేడు. హాల్‌క్రోల ఇంట్లో స్వెట్టరంటే ముందునుంచీ ఇద్దరి పని. ఒళ్లు చిన్నక్క మైమా అల్లేది, చేతులు పెద్దక్క గిర్జీ అల్లేది, చివర్లో ఇద్దరూ పొయ్యి దగ్గర ఎదురెదురుగా కూచుని కలిపేవాళ్లు. ఎనిమిదేళ్ల కిందట ఇద్దరికీ మాటలు పోయాయి. మొండిఘటాలు, పని మాత్రం మానలేదు. ప్రతి క్రిస్మస్‌కీ మైమా వచ్చి చేతుల్లేని స్వెట్టరొకటి ఇచ్చి పోతుంది. గంటాగి గిర్జీ వచ్చి రెండు చేతులు ఇచ్చి పోతుంది. ఒకరి అల్లికని ఒకరు తాకరు. గిడియన్ ఓసారి ఆ చేతుల్ని ఊరికే తొడుక్కుని పడవెక్కాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ స్కాట్లండ్‌కి ఉత్తరాన షెట్లండ్ దీవుల్లోనే ఉన్న మనిషి, అక్కడి గాలి సంగతి ఎలా మర్చిపోయాడో మరి. ఎడమ చెయ్యి ఎగిరి సముద్రంలో పడింది. ఆ అర జత లెక్క అదీ.

గిడియన్‌కి అరవై నాలుగేళ్లు. పెళ్లి చేసుకోలేదు, చేసుకోమని ఎవరూ మరీ అంతగా బతిమాలలేదు కూడా. స్కెల్‌విక్ ఊళ్లో ఉంటూ, ఆల్చిప్పలు పెంచే తాళ్ల దగ్గర పనికి వెళ్తాడు. అతని ఇంటికి ఇటుపక్క గిర్జీ ఇల్లు, అటుపక్క మైమా ఇల్లు. గిర్జీకి డెబ్భై ఒకటి, మైమాకి అరవై తొమ్మిది. ఇద్దరికీ భర్తలు పోయారు. ఇద్దరి మధ్యా ఈ తమ్ముడు ఒక కంచెలాగా మిగిలాడు. నోట్లో నాలుక లేనివాడని ఊరంతా అనుకుంటారు. నాలుక లేకపోవడమా? అసలు గొడవంతా ఆ నాలుక వల్లే వచ్చింది.

ఏటా ఆగస్టులో ఊరి హాల్లో పోటీలు జరుగుతాయి. ఎవరి గొర్రె బాగుంది, ఎవరి బంగాళాదుంప నున్నగా ఉంది, ఎవరి బానక్ మెత్తగా ఉంది అని. బానక్ అంటే పెనం మీద కాల్చిన మందపాటి రొట్టె. గిర్జీ చేతి బానక్ అంటే వేరే లోకం. ఎనిమిదేళ్ల కిందట ఆ పోటీ నాటి పొద్దున్న గిర్జీ ఆరు బానక్‌లు కాల్చి, పళ్లెంలో పేర్చి, గుడ్డ కప్పి, హాలుకి పట్టుకెళ్లమని తమ్ముడి చేతికిచ్చింది. తమ్ముడు తెల్లవారకముందే లేచి పనికి పోయి వచ్చాడు, పొద్దున్నుంచీ కడుపులో టీ చుక్క పడలేదు. దారిలో గొర్రెల దడి దగ్గర గుడ్డ కాస్త పక్కకి తొలిగింది. వెచ్చటి ఆవిరి ముక్కుకి తగిలింది. ఒక్కటేగా, ఎవరు చూడొచ్చారులే అనుకున్నాడు.

చూసేవాళ్లు ఉన్నారు. హాల్లో పళ్లేలు సరిచూసే పని ఆ ఏడాది మైమాది. నియమాల కాగితంలో బానక్‌లు ఆరు అని ఉంది. పళ్లెంలో ఐదే ఉన్నాయి. మైమా మూడుసార్లు లెక్కపెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని నాలుగోసారి లెక్కపెట్టి, సొంత అక్క పళ్లెం మీద ‘నియమం ప్రకారం లేదు’ అని చీటీ పెట్టింది. మొదటి బహుమతి ఎవరికొచ్చిందంటే, ఖర్మ కాకపోతే, మైమా బానక్‌లకే వచ్చింది.

“ఆరు పెట్టాను” అంది గిర్జీ.

“ఐదే ఉన్నాయి” అంది మైమా.

ఆ రెండు ముక్కలే వాళ్లు నేరుగా మాట్లాడుకున్న ఆఖరి మాటలు. చెల్లెలే ఒకటి దాచేసిందని అక్క నమ్మకం. తప్పు లెక్కపెట్టుకుని తనని దొంగని చేస్తోందని చెల్లెలి నమ్మకం. గిడియన్ ఆ రోజే చెప్పేద్దామని నోరు తెరిచాడు. గిర్జీ మొహం చూసి మూశాడు. రేపు చెప్దాం అనుకున్నాడు. ఆ రేపు ఎనిమిదేళ్లు సాగింది. ఒక్క రొట్టె ముక్క కోసం ఇద్దరు అక్కచెల్లెళ్లని విడదీసిన మనిషిని నేనైతే ఆ సముద్రంలోనే ముంచేద్దును. కానీ పాపం, వాడికీ నిద్ర పట్టేది కాదు. ఆ తరవాత బానక్ కనిపిస్తే చాలు, బల్ల దగ్గర్నుంచి లేచిపోయేవాడు.

ఇంతలో దేశానికి ఒక సందేహం వచ్చింది. స్కాట్లండ్ బ్రిటన్‌లో ఉండాలా, విడిపోవాలా? సెప్టెంబర్ పద్దెనిమిదిన అందరూ ఓటేసి చెప్పండి అన్నారు. గిర్జీ తన కిటికీలో నీలం కాగితం మీద ‘అవును’ అని అంటించింది. మర్నాడే మైమా తన కిటికీలో ‘వద్దండీ, థాంక్స్’ అని అంటించింది. రెండు కిటికీలూ గిడియన్ వంటింటి వైపే చూస్తూంటాయి. గిడియన్ తన కిటికీలో ఏమీ అంటించలేదు. అక్కడ ఎప్పట్నుంచో ఒక చచ్చిన ఈగ ఉంది, దాన్నే ఉంచాడు.

జూలైలో ఒక ఆదివారం మైమా వేడివేడి పుడ్డింగ్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

“తినరా. తింటూ విను. మూడొందల ఏళ్లుగా ఒక పళ్లెంలో ఉన్నవాళ్లం. అందులోంచి ఒకటి తీసేస్తే ఇంకది పళ్లెమంటార్రా ఎవరైనా?”

గిడియన్‌కి పొరబోయింది. అదేమీ గమనించకుండా మైమా రాణిగారి దగ్గర్నుంచి పింఛను దాకా ఏకరువు పెట్టింది. ఆవిడ వెళ్లిన అరగంటకల్లా గిర్జీ సూప్ గిన్నెతో దిగబడింది. పొగలో ఎండబెట్టిన గొర్రె మాంసం సూపు, చలికాలం మధ్యలో తప్ప ఆవిడ కుండలోంచి బయటికి తియ్యని సరుకు.

“ఆవిడగారు పుడ్డింగ్ తెచ్చిందటగా? ఎటూ పాలుపోని వాళ్లని తీపితో పడగొట్టడం వాళ్లకి అలవాటే. నువ్వు నాకు చెప్పరా, మన పళ్లెంలో ఎన్నున్నాయో ఎక్కడో లండన్‌లో కూచున్నవాళ్లు లెక్కపెట్టి చెప్పడమేంటి? మన రొట్టెలు మనం లెక్కపెట్టుకోలేమా?”

గిడియన్‌కి మళ్లీ పొరబోయింది.

“ఇంతకీ ఎటేస్తావ్?”

“ఇంకా ఏమీ అనుకోలేదక్కా” అన్నాడు గిడియన్, నోట్లో మాంసం ఉంది కాబట్టి పొట్టిగా.

ఆ మాట ఇంత పని చేస్తుందని వాడు కలలో కూడా అనుకోలేదు. మర్నాడు సాయంత్రం ఆరింటికి గిర్జీ వచ్చింది. ఆరూ రెండుకి మైమా వచ్చింది. తను లేనప్పుడు రెండోవాళ్లు తమ్ముడి చెవిలో ఏం ఊదేస్తారో అని ఇద్దరికీ భయం. ఎవరూ ముందు లేవరు. అలా ఎనిమిదేళ్ల తరవాత, నాన్న చేయించిన ఆ బల్ల దగ్గర, ఇద్దరక్కలూ ఒకేసారి కూచున్నారు. గిడియన్ మధ్యలో కూచుని, పళ్లెంలోకి చూస్తూ, కళ్లు తుడుచుకోవడానికి వంక కోసం ఉల్లిపాయ తరగనా అని అడిగాడు.

నేరుగా మాట్లాడుకోవడం మాత్రం లేదు.

“ఒరేయ్ గిడియన్, ఆ ఉప్పుబుడ్డి ఇటు జరపమని ఆవిడకి చెప్పు.”

“నా చెయ్యి ఖాళీ లేదని ఆవిడకి చెప్పు. విడిపోయాక ఎలాగూ ఎవరి ఉప్పు వాళ్లే తెచ్చుకోవాలిగా, ఇప్పట్నుంచే అలవాటు చేసుకోమను.”

“సముద్రం అడుగున అంత చమురుంది, ఉప్పు కొనుక్కోలేకపోతామా అని చెప్పు.”

“చమురు పోసి సూప్ తాగమను.”

వినేవాడికి అది తగువు. గిడియన్‌కి మాత్రం పాట కచేరీలా ఉండేది. వాడికి ఒక సంగతి బాగా అర్థమైంది. తను ఎటో ఒకటి తేల్చిన రోజున ఈ బల్ల ఖాళీ అయిపోతుంది. నెగ్గినావిడ గర్వంగా ఇంటికి పోతుంది, ఓడినావిడ అలిగి పోతుంది, మధ్యలో వాడూ ఆ చచ్చిన ఈగా మిగులుతారు. కాబట్టి తేలకూడదు. ఆరోజు నుంచీ గిడియన్ గోడ మీద పిల్లి వేషం కట్టి, ఊళ్లో ఎవరూ చెయ్యనంత శ్రద్ధగా ఎటూ తేల్చుకోకుండా బతికాడు. మైమా వాదన నెగ్గేలా ఉంటే “అది సరే గానీ చిన్నక్కా, లండన్‌ వాళ్లకి మన చేపల గురించి ఏం తెలుసు?” అనేవాడు. గిర్జీ మొహం వెలిగిపోయేది, మర్నాడు పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన పాయసం వచ్చేది. గిర్జీది పైచెయ్యి అయితే “మరి పౌండు ఉంటుందా ఉండదా పెద్దక్కా?” అనేవాడు. మైమా కేకు వచ్చేది. ఆగస్టు చివరికి ప్యాంటు గుండీ పట్టక, పడవ తాడు ముక్కతో బిగించుకుని తిరిగాడు.

ఓ రోజు ఎదురింటి రాస్మీ తొంగి చూసి, బల్ల మీద సరంజామా చూసి, తనూ ఎటూ తేల్చుకోలేదన్నాడు. ఇద్దరక్కలూ ఒకేసారి తలుపు చూపించారు. రాస్మీ షెట్లండ్ మళ్లీ నార్వేలో కలిసిపోవాలనే మనిషని ఊరందరికీ తెలుసు. ఐదొందల ఏళ్ల కిందట నార్వే రాజు ఈ దీవుల్ని స్కాట్లండ్‌కి తాకట్టు పెట్టాడు, విడిపించడం మర్చిపోయాడు అంటాడు. నార్వేకి పుడ్డింగ్ పెట్టే ఓపిక ఎవరికీ లేదు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. అయితే గిడియన్ ఎటూ తేల్చుకోలేదనేది పచ్చి అబద్ధం.

సెప్టెంబర్‌లో పని మీద వేరే దీవికి పంపుతామని జూన్‌లోనే పైవాళ్లు అన్నారు. అందుకని వాడు ముందే టపా ఓటుకి దరఖాస్తు పెట్టుకున్నాడు. తీరా ఆ ప్రయాణం రద్దయింది, ఓటు కవరు మాత్రం ఆగస్టు చివర్లో చక్కగా ఇంటికొచ్చింది. దాచడానికి చోటు లేదు. శనివారాలు మైమా సొరుగులు సర్దుతుంది, సోమవారాలు గిర్జీ గడియారం వెనక దుమ్ము దులుపుతుంది. మూడు రోజులు ఆ కవరుని రబ్బరు బూటులో పెట్టుకుని తిరిగాడు. నాలుగో రోజు పన్ను పీకించుకోవడానికి లెర్విక్ పట్నం వెళ్లి, అక్కడి బెంచీ మీద కూచుని, దవడ సగం మొద్దుబారి ఉండగా ఓటు కాగితం మీద గీత కొట్టేసి టపా డబ్బాలో పడేశాడు. అర నిమిషం పట్టలేదు. ఎటు వెయ్యాలో వాడికి ఎప్పుడో తెలుసు. ఆ సాయంత్రం బల్ల దగ్గర కూచుని, వాచిన బుగ్గతో “ఇంకా ఏమీ అనుకోలేదు” అన్నాడు. ఇద్దరక్కలూ జాలిపడి మెత్తటివి వండి పెట్టారు.

పద్దెనిమిదో తారీకు గురువారం. పొద్దున్నే కడుపునొప్పి అని మంచమెక్కాడు. పదింటికల్లా గిర్జీ ఒక కషాయం, మైమా ఒక కషాయం తెచ్చారు. రెండూ తాగితే నిజంగానే పోతానని భయపడి లేచి కూచున్నాడు.

“పద. దేశం ఎదురుచూస్తోంది” అంది గిర్జీ, కుడి చెయ్యి పట్టుకుని.

“కోటు వేసుకో, చేతులు చల్లబడతాయి” అంది మైమా, ఎడమ చెయ్యి పట్టుకుని.

అలా దొంగని పట్టుకెళ్లినట్టు ఇద్దరూ హాలుకి నడిపించారు. వాన జల్లు మొహం మీద కొడుతోంది. దారిలో గొర్రెల దడి వచ్చింది. గిడియన్ తల తిప్పేసుకున్నాడు.

హాల్లో ఓటర్ల జాబితా పెట్టుకుని కూచున్నది విల్మా గౌడీ. ఊరి హాలు వంటగదికి తాళాలు ఉండే మనిషి, మంచిదే గానీ గొంతు మాత్రం పడవల మీదికి వినిపిస్తుంది. ఆవిడ ముందున్న మడతబల్ల చూసి గిడియన్ కాళ్లు ఆగిపోయాయి. అదే బల్ల. ఎనిమిదేళ్ల కిందట ఆ పళ్లెం దాని మీదే ఉంది. అక్కలు చెరోపక్కా నిలబడ్డారు. వెనక వరసలో రాస్మీతో కలిపి తొమ్మిదిమంది, రెండు కుక్కలు ఉన్నాయి.

గిడియన్ విల్మా వైపు చూసి గట్టిగా కన్ను కొట్టాడు. ఏదో ఒక కాగితం ఇచ్చెయ్యి తల్లీ, లోపలికి పోయి వస్తాను అని దానర్థం.

“ఏంటి గిడియన్, కంట్లో నలక పడిందా?”

మళ్లీ కొట్టాడు.

“ఇన్నేళ్లకా? ఇంతమందిలోనా?” అంది విల్మా సిగ్గుపడుతూ, జాబితాలో వేలు పెట్టి కిందికి జరుపుతూ. వేలు ఆగింది. “ఓరి నీ! నీకు ఇక్కడ కాగితం ఇవ్వకూడదుగా! నువ్వు టపాలో ఓటు తీసుకున్నావు. ఇదిగో నీ పేరు పక్కన గుర్తు. పంపించేశావా లేదా?”

హాలంతా విన్నది. కుక్కలు కూడా తలెత్తాయి.

“ఎప్పుడు?” అంది గిర్జీ.

గిడియన్ బూట్లు చూసుకున్నాడు. “పన్ను పీకిన రోజున.”

“మూడు వారాలు!” గిర్జీ గొంతు లేచింది. “మూడు వారాల్నుంచీ ఓటేసేసి, నా పొగ మాంసం మొత్తం లోపలికి తోశావా? క్రిస్మస్‌కి దాచింది కూడా పెట్టానుకదరా!”

“నా నిమ్మకాయ కేకులు ఏడు” అంది మైమా. “ఏడు గిడియన్. వాచిన బుగ్గకి మెత్తగా ఉంటుందని అంచులు కోసి మరీ ఇచ్చాను.”

“మీరిద్దరూ ఓటెయ్యడానికి వచ్చారా లేక...” అని విల్మా మొదలుపెట్టబోయింది. వినే స్థితిలో ఎవరున్నారు?

“వీడికి ఈ నంగనాచి బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు” అంది గిర్జీ, గాల్లోకి చూస్తూ. “మా ఇంట్లోనే నేర్చుకున్నాడు. ఉన్నవాటిని లేవని చెప్పేవాళ్లు ఉన్నారుగా.”

మైమా మొహం తెల్లబడింది. “లేనివాటిని ఉన్నాయని చెప్పేవాళ్ల దగ్గర నేర్చుకున్నాడేమో అని ఆవిడకి చెప్పు.”

“ఆరు పెట్టాను!”

“ఐదే ఉన్నాయి!”

ఎనిమిదేళ్ల తరవాత మొదటిసారి నేరుగా ఒకరితో ఒకరు అన్న మాటలు మళ్లీ అవే. రాస్మీ ఎవరి తరఫో తెలియక టోపీ తీశాడు.

“ఐపోయింది” అంది గిర్జీ. “ఇక ఆ గుమ్మం తొక్కితే ఒట్టు. ఆవిడా ఆవిడ లండనూ, వీడూ వీడి బొజ్జా, ఎవరి దారి వాళ్లది.” అని ఎడమ తలుపు వైపు తిరిగింది. మైమా కుడి తలుపు వైపు తిరిగింది. ఆ హాలుకి రెండు తలుపులు పెట్టిన మహానుభావుడెవడో గాని వాడి చేతులు విరగ.

గిడియన్ అటు చూశాడు, ఇటు చూశాడు. బల్ల ఖాళీ అయిపోతోంది. ఉప్పుబుడ్డి జరపమని చెప్పించేవాళ్లు ఇక ఉండరు. దేశం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది, దానికి యాభై లక్షలమంది ఉన్నారు. వీళ్లిద్దరికీ తనొక్కడే ఉన్నాడు.

“ఆరు పెట్టింది!” అని అరిచాడు. వాడి గొంతు అంత పెద్దదని అప్పటిదాకా వాడికే తెలీదు. “పెద్దక్క ఆరే పెట్టింది. చిన్నక్క లెక్కపెట్టేసరికి ఐదే ఉన్నాయి. ఇద్దరూ నిజమే చెప్పారు. మధ్యలో గొర్రెల దడి దగ్గర ఒకటి నేను తిన్నాను.”



గిర్జీ మెల్లగా వెనక్కి తిరిగింది. మైమా కూడా తిరిగింది. ఇద్దరూ గిడియన్‌ని చూడలేదు. వాడి తల మీదుగా ఒకరినొకరు చూసుకున్నారు.

“నువ్వు దాచావనుకున్నానే మైమా” అంది గిర్జీ. “ఇన్నేళ్లూ.”

“నేను చీటీ పెట్టకుండా ఉండాల్సింది” అంది మైమా.

“ఎందుకు పెట్టవూ? ఐదుంటే పెట్టద్దూ? నియమం నియమమే” అంది గిర్జీ, కళ్లు తుడుచుకుంటూ. ఎనిమిదేళ్లలో ఆవిడ చెల్లెల్ని మెచ్చుకోవడం అదే మొదలు. తరవాత ఇద్దరూ ఒక్కసారే తమ్ముడి వైపు తిరిగారు. ఆ చూపులకి గిడియన్ రెండడుగులు వెనక్కి వేసి రాస్మీ కుక్క తోక తొక్కాడు.

“ఓటేస్తారా, వెయ్యరా?” అంది విల్మా. “వేసేవాళ్లు ముందుకి రండి, తినేవాళ్లు బయటికి నడవండి.”

అక్కలిద్దరూ లోపలికి వెళ్లి, ఒకావిడ అటూ ఒకావిడ ఇటూ గీత కొట్టి, ఒకరి ఓటుని ఒకరు శుభ్రంగా కొట్టేసుకుని, చెయ్యీ చెయ్యీ పట్టుకుని బయటికొచ్చారు. ఇంటిదాకా కలిసి నడిచారు. ఇరవై గజాల వెనక గిడియన్. గాలి వాళ్ల మాటల్ని వెనక్కి మోసుకొచ్చింది.

“ఇదిగో, ఇక్కడే తినుంటాడు. దడి చాటున.”

“వెన్న కూడా లేకుండానా?”

“జేబులో పెట్టుకు తిరుగుతాడేమో, ఎవరికి తెలుసు.”

మర్నాడు పొద్దున్న రేడియోలో చెప్పారు. దేశం బ్రిటన్‌లోనే ఉండిపోయింది. గిడియన్ మంచంలో పడుకుని విని, గంజి తెచ్చే అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. ఎవరూ రాలేదు. లేచి కిటికీలోంచి చూస్తే గిర్జీ ఇంటి పొగగొట్టంలోంచి పొగ రావట్లేదు. ఓడిపోయినందుకు అలిగి మంచం పట్టిందనుకున్నాడు. చెప్పులైనా సరిగ్గా వేసుకోకుండా పరుగెత్తాడు.

గిర్జీ ఇంట్లో లేదు. అటుపక్క మైమా ఇంటి కిటికీలోంచి చూస్తే, గిర్జీ ఆ వంటింట్లో టీకప్పు పట్టుకుని కూచుని ఉంది. బల్ల మీద వేగిన చేపలు, బానక్‌లు, వెన్న ఉన్నాయి.

“నెగ్గానని మిడిసిపడకే” అంటోంది గిర్జీ. “ఇంకో ఇరవై ఏళ్లకి మళ్లీ పెడతారు. అప్పటికి నాకు తొంభై ఒకటి. చూసుకుందాం.”

“అప్పటికి నా పళ్లు ఉంటే నీకు కేకు చేసి పెడతాలే. ఆ వెన్న ఇటు జరుపు.”

గిర్జీ వెన్న జరిపింది. నేరుగా. మధ్యలో ఎవరి చేతా చెప్పించకుండా.

అప్పుడే ఇద్దరికీ కిటికీ అవతల గిడియన్ మొహం కనిపించింది. గిర్జీ లేచి తెర ఒక రెక్క పట్టుకుంది. మైమా లేచి రెండో రెక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి వాడి మొహం మీదే తెర మూసేశారు.

గిడియన్ ఇంటికొచ్చి సార్డీన్ల డబ్బా మూత తీసి, నిలబడే తిన్నాడు. చల్లటి చేప, నిన్నటి రొట్టె. వాడి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, మూతి మాత్రం నవ్వుతోంది. జూలై నుంచీ తిన్న విందుల్లో ఒక్కటీ వాడికి ఇంత రుచిగా అనిపించలేదు.

తొమ్మిది రోజులు డబ్బాలే. వాళ్లిద్దరూ రోజూ వాడి గుమ్మం ముందు నుంచే ఒకరింటికొకరు వెళ్తూ, వాడికి వినపడేలా తిట్టుకుంటూ పోయేవాళ్లు, వాడినే. మైమా కిటికీలో కాగితం పోయింది, గిర్జీ కిటికీలో కూడా పోయింది. గిడియన్ తన ఈగని తీసి పారేశాడు.

పదో రోజు ఆదివారం తలుపు తీసేసరికి గుమ్మంలో గుడ్డ కప్పిన పళ్లెం, పక్కన ఒక పొట్లం ఉన్నాయి. గుడ్డ తీశాడు. బానక్‌లు. వేడిగా ఉన్నాయి. లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఐదు. పళ్లెం అంచున మైమా దస్తూరీతో చీటీ ఉంది: ‘నియమం ప్రకారం లేదు’. దాని కింద గిర్జీ దస్తూరీ: ‘ఆరోది మేమిద్దరం తిన్నాం.’

పొట్లంలో స్వెట్టర్ ఉంది. ఒళ్లు మైమా అల్లిక, చేతులు గిర్జీ అల్లిక, భుజాల దగ్గర కుట్టు ఎక్కడుందో వెతికినా దొరకలేదు. గిడియన్ వీధిలోనే నిలబడి తొడుక్కున్నాడు. ముందు తల, తరవాత ఒక చెయ్యి, తరవాత రెండో చెయ్యి. ఎనిమిదేళ్ల తరవాత వాడి మోచేతులకి వెచ్చగా తగిలింది. మిగతాది కిందికి లాగాడు. బొజ్జ దగ్గర ఆగిపోయింది. ఇంకాస్త లాగాడు. కదల్లేదు. కొలతలు పోయినేటివి, పుడ్డింగులు ఈ ఏటివి మరి.

పక్కింటి రాతిగోడ వెనక నుంచి రెండు గొంతులు పగలబడి నవ్వాయి.

“ఊపిరి బిగబట్టరా!” అంది మైమా.

“వద్దు, బిగబడితే కుట్టు పోతుంది” అంది గిర్జీ. “విప్పి లోపలికి పట్రా. మధ్యలో ఒక జానెడు ముక్క కలుపుతాం.”

చేతులు రెండూ పైకెత్తి, స్వెట్టర్ సగంలో ఇరుక్కుని, పళ్లెం ఎలా పట్టుకోవాలో తెలియక గిడియన్ కాసేపు తికమకపడ్డాడు. చివరికి గిర్జీయే గోడ దాటి వచ్చి పళ్లెం తను తీసుకుంది. వాడి చేతికి మాత్రం ఇవ్వలేదు.